వెన్నశాతం

తెల్లారి ఐదున్నరకు
పలమనేరు దారిలో మా ఊరి పాలకేంద్రం షట్టరు లేపేది నేనే.
క్యాను మూత తీస్తే పొగ.
గిద్దెడు పాలు మిషనులో పోస్తే ఎర్రంకెలు వెలుగుతాయి.
మంగరత్నమ్మ జెర్సీ మూడు పాయింట్ ఎనిమిది,
కదిరప్ప ఎనుము ఆరున్నర.
నీళ్ళు కలిపినోళ్ళ మొగం
చీటీ రాకముందే నాకు తెలిసిపోతుంది.

ఇన్నేండ్లు ఊరి పాలన్నీ కొలిచినదాన్ని,
నా పాలకు మాత్రం ఊరే కొలత వేసింది.

కాన్పయిన పూట
మా అత్త రెడ్డెమ్మ పాతగుడ్డ పట్టుకోనొచ్చింది.
"పసుప్పచ్చగా ఉండాయి, చీము మాదిరి. పిండి పారెయ్.
మూడోనాటికి తెల్లపాలొస్తాయి.
అందాక చక్కెరనీళ్ళు చాలు."

అదే అత్త,
దూడ నేల పడీపడకముందే
ఒడిలో ఎత్తుకోని పొదుగుకు ఆనిస్తుంది.
ముర్రుపాలు తాగని దూడ నిలవదని
ఊరందరికీ చెప్పేది ఆమే.
దూడ తాగంగా మిగిలిన పాలలో
బెల్లం, యాలక్కాయ వేసి జున్ను వండి
ఇంటింటికీ గిన్నె పంపేదీ ఆమే.

నొప్పుల బడలికలో నోరు లేవలేదు.
లోపల్లోపలే అనుకున్నా:
ఆవుకొస్తే జున్ను,
నాకొస్తే చీము.

నర్సు గుల్జారక్క ఆ గుడ్డ లాగి బకెట్లో పడేసింది.
"గడపకు పసుపు పూస్తావు గదా అవ్వా,
ఇది బిడ్డ పేగులకు పూసే పసుపు.
రోగం ఆ గడప తొక్కడానికి జంకుతుంది."
అత్త ఏమీ అనలేదు.
గడప మాట ఆమెకు తగిలింది.

వాడు పట్టినాడు.
పొత్తికడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టు నొప్పి.
"సంచి ముడుచుకుంటా ఉంది. నెత్తురు పోవడం తగ్గుతుందిలే,
ఓర్చుకో" అంది అక్క.
తాగుతా ఉండేది వాడు.
అతుక్కుంటా ఉండేది నేను.

అంతా పాయసం మాదిరి జరిగిందని చెప్పను.
రెండో రాత్రి వాడు ఊపిరి పట్టి ఏడ్చినాడు,
చనుమొనలు పగిలి నేను పండ్లు కొరుక్కున్నా.
మా ఆయన చిత్తూరు బజారులో
డబ్బా పాలపొడి ధర అడిగొచ్చినాడు:
మా ఆవు మూడుదినాల బిల్లు.
గుల్జారక్క వచ్చి వాడి నోరు తెరిపించి,
మొన ఒక్కటే కాదు, నల్లటి వలయమంతా పట్టించి,
నా వీపు వెనక దిండు దోపి పోయింది.
అంతే.
దిండంత చిన్న సంగతి
ఎన్ని ఇండ్లకు డబ్బా తెచ్చిపెట్టిందో.

నాలుగో నెల
పాలకేంద్రం దూలానికి చీర కట్టి వాణ్ణి పండబెట్టినా.
నీళ్ళచుక్క కూడా పోయొద్దన్నారు ఆరునెలలదాకా.
ఎండాకాలమయితే ఏమి, పాలలోనే నీళ్ళుంటాయంట.
నీళ్ళు కలిపిన పాలను
నేను ఒప్పుకున్నది అదొక్కటే.

ఆ పొద్దు వరసలో క్యాన్లు గలగలమంటా ఉండాయి.
బయట ఎవరిదో దూడ తల్లి కోసం అరిచింది.
అంతే, నా రవిక తడిసిపోయింది.
వరస గమ్మునైపోయింది.
నేను పైట లాక్కుంటా తల దించుకున్నా.

వరసలో మూడోది మా అత్త.
"చేపింది," అంది.
ఆవును అన్నట్టే. ఎగతాళి లేదు,
గొంతులో ఎక్కడో జున్నుగిన్నె ఆవిరి.
"లెయ్. పో. మిషను నేను చూసుకుంటా."

దాణా మూటల వెనక కూర్చున్నా.
వాడు కండ్లు మూసుకుని, ఒక చేత్తో నా తాళి పట్టుకుని
గుటక గుటకకూ చెమటలు పోస్తా ఉండాడు.
మొదటిధార పల్చన, చివరిధారలోనే వెన్న.
పితికేవాళ్ళకెవరికైనా తెలుసు ఆ సంగతి.
అందుకే వాణ్ణి తొందర పెట్టలేదు.

అవతల అంకెలు రాని మా అత్త
ఎర్రవెలుగు ముందర వంగి అరుస్తా ఉంది:
"ఒరే కదిరప్పా,
ఎంత పడిందో రవంత చదవరా!"